నిర్మాణపు పనులను నడిపించువారికి భద్రతా శిక్షణ

గ్రామపంచాయతీల ఆధ్వర్యమున నేడు పాఠశాల గదులు, మంచినీటి ట్యాంకులు, మురుగు కాలువలు, సిమెంటు రోడ్లు నిర్మింపబడుచున్నవి. మంజూరైన సొమ్మెంత, సిమెంటు పాళ్లు సరిగా నున్నవా, పని గడువులోపల ముగియునా అని మనము విచారించుచునే యున్నాము. అక్కడ పాటుపడు కూలీలు సాయంకాలమునకు క్షేమముగా ఇల్లు చేరుదురా అను ప్రశ్నను మాత్రము తరచుగా మరచుచున్నాము. ఈ ప్రశ్నకు మొదట జవాబు చెప్పవలసినవాడు పనిని దగ్గరనుండి నడిపించు వ్యక్తి. అతడు కాంట్రాక్టరు నియమించిన సైటు సూపర్‌వైజరు కావచ్చును, పెద్ద మేస్త్రీ కావచ్చును. కట్టుబడి తెలిసినంతగా ప్రమాద నివారణయు అతనికి తెలియవలెను.

పెద్ద ప్రాజెక్టుల సంగతి వేరు. భవన నిర్మాణ కార్మికుల కొరకు 1996లో చేయబడిన కేంద్ర చట్టము, 500 మంది లేక అంతకు మించి పనిచేయుచోట భద్రతాధికారి యుండవలెనని విధించినది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యము, పని పరిస్థితుల కోడ్ నిర్మాణపు పనులకు ఆ సంఖ్యను 250గా నిర్ణయించినది. మన గ్రామములలోని పనులందు పదిమందియో, ఇరువదిమందియో యుందురు. అట్టి చోట ప్రత్యేకముగా భద్రతాధికారి యుండడు. కనుక పని నడిపించువాడే ఆ బాధ్యతను కూడ వహింపవలసియున్నది. అతనికి శిక్షణ అవసరమగుట ఇందువలననే.

ఈ శిక్షణలో మొదటి పాఠము, రక్షణోపాయముల వరుసను తెలిసికొనుట. అపాయము కనబడినప్పుడు దానిని పూర్తిగా తొలగింప వీలగునా యని ముందు చూడవలెను. వీలుకానిచో ఊతలు, కంచెలు, అడ్డుకట్టలు ఏర్పరుపవలెను. హెల్మెట్టు, నడుమునకు కట్టు బెల్టు అవసరమే గాని, అవి చివరి రక్షణలు మాత్రమే. గట్టు విరిగి మీదపడినచో హెల్మెట్టు మనిషిని కాపాడజాలదు.

పైపులైను కొరకు త్రవ్వు కందకమును ఉదాహరణముగా తీసికొందము. ఒక ఘనమీటరు మట్టి సుమారు ఒకటిన్నర టన్నుల బరువుండును. తడిసినచో ఇంకను ఎక్కువ. అది ఛాతీపై పడినచో, ముఖము మట్టికి పైన నున్నను ఊపిరాడదు. అందుచేత 1.5 మీటర్లకు, అనగా సుమారు ఐదడుగులకు, మించిన కందకమున ప్రక్కలను ఏటవాలుగా చెక్కవలెను. లేదా పలకలతో, అడ్డుదూలములతో ఊతమీయవలెను. త్రవ్విన మట్టిని అంచుననే పోగువేయుట పలుచోట్ల అలవాటు. ఆ బరువే గట్టును క్రుంగదీయును. మట్టిని కనీసము 1.5 మీటర్ల ఎడముగా వేయవలెను. ట్రాక్టరును, జె.సి.బి. యంత్రమును అంచునకు రానీయరాదు. లోపలివారు వెంటనే పైకి వచ్చుటకు నిచ్చెన యుండవలెను. నల్లరేగడి నేల ఎండకు పగుళ్లువారి, తడికి ఉబ్బును గావున, వాన కురిసిన పిదప సూపర్‌వైజరు గట్టును స్వయముగా పరీక్షించిన తరువాతనే మనుష్యులను దింపవలెను.

స్లాబు సంగతియు ఇట్టిదే. సెంట్రింగు సామాను అద్దె పెరుగుచున్నదని గుంజలను ముందుగా తీయుట కలదు. ఆధారముల నడుమ 4.5 మీటర్ల వరకు నిడివిగల స్లాబునకు 7 దినములు, అంతకు మించినదానికి 14 దినములు గుంజలు నిలిచియుండవలెనని భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. 6 మీటర్లకు మించిన దూలములకు 21 దినములు కావలెను. ఇవి సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటునకు చెప్పిన కనీసపు గడువులు. బూడిద కలిసిన సిమెంటు వాడినచో ఎన్ని దినములు ఉంచవలెనో ఇంజనీరును అడిగి తెలిసికొనవలెను.

కార్మికుల ఆరోగ్యము కూడ ఈ శిక్షణలోని భాగమే. తడి సిమెంటు చర్మమును కాల్చును గావున చేతులకు తొడుగులు, కాళ్లకు బూట్లు కావలెను. గ్రానైటు కోయునపుడు లేచు సన్నని ధూళి ఊపిరితిత్తులలో చేరి నయముకాని వ్యాధిని కలిగించును. కోయుచోట నీరు పోసినచో ధూళి చాలవరకు అణగును. వేసవిలో నీడ, త్రాగునీరు, నడిమధ్యాహ్నమున విశ్రాంతి ఏర్పరుపవలెను.

ఇన్ని నేర్చినను, పని ఆపు అధికారము లేనిచో శిక్షణ వ్యర్థము. గట్టు బీటవారినదని సూపర్‌వైజరు కూలీలను పైకి రమ్మనినపుడు, బిల్లు ఆలస్యమగునని కాంట్రాక్టరు కసరుకొనవచ్చును. పండుగలోపల ప్రారంభోత్సవము జరుగవలెనని మనమును తొందరపెట్టవచ్చును. అట్టి తొందరకు మూల్యము చెల్లించువాడు గోతిలోని కూలీయే. ఆగిన పనిని రేపు ముగింపవచ్చును. పోయిన ప్రాణమును తేలేము. కావున అపాయము చూచి పని ఆపినవానికి పంచాయతీ అండగా నిలువవలెను.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు కొన్ని కలవు. పని ప్రారంభమునకు ముందే, దానిని నడిపించువాడెవరు, అతడు భద్రతా శిక్షణ పొందినవాడా యని కాంట్రాక్టరును వ్రాతపూర్వకముగా అడుగవలెను. శిక్షణ లేనిచో, అది లభించు మార్గమును పంచాయతీరాజ్ ఇంజనీరు ద్వారా విచారింపవచ్చును. నిర్మాణ రంగమున శిక్షణ నిచ్చు నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ 1998లో హైదరాబాదున నెలకొల్పబడినది. ప్రతి ఉదయము పని మొదలిడుటకు ముందు, ఆనాటి అపాయములను గూర్చి సూపర్‌వైజరు కూలీలకు ఐదు నిమిషములు చెప్పునట్లు చూడవలెను. ప్రథమ చికిత్స పెట్టెను, 108 అంబులెన్సు సంఖ్యను అందరికి కనబడుచోట ఉంచవలెను.

ఇందులకు వలయునది పెద్ద ధనము కాదు, ముందుచూపు. రాబోవు పంచాయతీ సమావేశమున చర్చింపవలసిన విషయములలో దీనిని కూడ చేర్చి, తమ గ్రామమున ఇప్పుడు జరుగుచున్న పనినుండియే సభ్యులు ఆచరణకు పూనుకొందురు గాక.