పోలండు కొండసీమలో పాడి – పొద్‌హాలె గొర్రెల కాపరులు

పాడి అనగానే మనకు గేదె, ఆవు గుర్తుకు వస్తాయి. గొర్రె పాల మీద బ్రతికిన ఒక ప్రాంతం గురించి ఈసారి సభ్యులకు తెలియజేస్తున్నాము.

పోలండు దేశానికి దక్షిణపు కొసన, తత్రా పర్వతాల పాదాన ఉన్నది పొద్‌హాలె. 'హాలె' అంటే కొండమీది పచ్చిక బయళ్ళు. వాటికి దిగువనున్న నేల కనుక ఆ పేరు. ఎగువన 2,499 మీటర్ల రిసీ శిఖరం, దిగువన దునాయెత్స్ నది. వేసవి స్వల్పం, నేల నిస్సారం. ఓట్లు, బంగాళాదుంపలు తప్ప పెద్దగా పండవు. కనుక ఇక్కడి గురాల్ ప్రజలకు మందే ఆధారమైంది. కొండమీది మందల పెంపకాన్ని కార్పాతియన్ కొండల వెంట వచ్చిన వలాహ్ కాపరులు తెచ్చారు. ముఖ్యపట్టణం నోవీ తార్గ్‌కు 1346లో పట్టణ హోదా లభించింది. ఆ పేరుకు అర్థమే 'కొత్త సంత'.

వసంతంలో పలువురు రైతుల గొర్రెలను ఒకే మందగా చేర్చి కొండకు తోలుతారు. మందకు పెద్ద 'బత్సా', అతని సహాయకులు 'యూహస్‌'లు. శరదృతువులో, సెప్టెంబరు 29న వచ్చే సెయింట్ మైకేల్ పండుగ ప్రాంతంలో, మెడగంటలు మ్రోగుతుండగా మంద ఊరు చేరుతుంది. ఈ యాత్రను 'రెదిక్' అంటారు.

కొండమీద కొయ్య గుడిసెలో పాలను తోడువేసి, విరిగిన ముద్దను చేతితో పిండి, వేడినీటిలో ముంచి, చెక్కిన కొయ్య అచ్చులో ఒత్తుతారు. ఉప్పునీటిలో ఊరబెట్టి పొగలో ఆరబెడతారు. ఇదే 'ఒస్త్సిపెక్' అనే ఛీజ్. మన జున్ను వలె ఇది నాలుగు రోజులలో పాడుకాదు. మిగిలిన తేట 'జెంతిత్సా'ను త్రాగుతారు.

తత్రా జాతీయ వనం 1955లో ఏర్పడిన తరువాత అందులో మేత క్రమంగా ఆగిపోయింది. మేపు లేని పచ్చికలను అడవి ఆక్రమించసాగింది. అందుచేత 1981 నుండి కొన్నిచోట్ల పరిమితంగా మేతను మళ్ళీ అనుమతించారు. పచ్చికను కాపాడేది మందయేనని అనుభవం నేర్పింది.

రెండవ ముప్పు పేరుకు వచ్చింది. ఆవుపాలతో చేసిన సరుకు కూడా ఒస్త్సిపెక్ పేరిట అమ్ముడుపోయేది. 2008లో యూరోపియన్ యూనియన్ ఆ పేరుకు రక్షణ ఇచ్చింది. గొర్రెపాలు కనీసం 60 శాతం ఉండాలి. కలిపితే పోలండు ఎర్ర జాతి ఆవుపాలే కలపాలి. మే నుండి సెప్టెంబరు వరకే తయారుచేయాలి.

కొండవాసులు తమ సరుకుకు తామే హద్దులు గీసుకోగా, ఆ హద్దులే పేరును నిలబెట్టాయి. పాలకేంద్రంలో క్యాను మూత తెరిచే ప్రతి సభ్యుడూ గమనించదగిన సంగతి ఇది.