చేవను చూసి కలపను ఎంచుకోవాలి: మన్నికైన, పర్యావరణ హితమైన గృహ దారుసామగ్రి

మంచం, బీరువా, భోజనపు బల్ల కొనదలచిన కుటుంబం దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న "ఇది టేకేనా?" అన్నదే. దానికి నిజమైన సమాధానం లభించినా మన్నికకు హామీ లభించినట్లు కాదు. లేత టేకు చెట్టు తెల్లచెక్కతో చేసిన మంచపు కోడు కొద్దికాలంలోనే పుచ్చిపోవచ్చు. ముదిరిన వేప చేవను చక్కగా ఆరబెట్టి చేసిన బీరువా తరాలు మారినా నిలవవచ్చు. కలప సామగ్రి ఆయుర్దాయాన్ని జాతి పేరు కంటే చేవ పాలు, తేమ శాతం, శుద్ధి, అతుకు అనే నాలుగు అంశాలే ఎక్కువగా నిర్ణయిస్తాయి. ఈ అవగాహన కొరవడినందువల్ల కొనుగోలుదారు సొమ్ము నష్టపోతున్నాడు. పొలం గట్టున వేప, తుమ్మ పెంచిన రైతు వాటిని వంటచెరకు ధరకు అమ్ముకుంటున్నాడు. అందువల్ల ఈ విషయం గృహాలంకరణకు పరిమితమైనది కాదు. వ్యవసాయ విస్తరణ విభాగం శ్రద్ధ వహించవలసిన అంశం.

చేవ – తెల్లచెక్క

చెట్టు కాండాన్ని అడ్డంగా కోసినప్పుడు బెరడు లోపల లేత రంగు వలయం, దానికి లోపల ముదురు రంగు భాగం కనిపిస్తాయి. వెలుపలి తెల్లచెక్క నీటిని మోసే భాగం. అందులోని సజీవ కణాలలో పిండిపదార్థం నిల్వ ఉంటుంది. చెట్టు వయసు పెరిగేకొద్దీ లోపలి కణాలు నిర్జీవమై, వాటిలో కీటకాలను, శిలీంధ్రాలను నిరోధించే రసాయనాలు చేరుతాయి. అదే చేవ. టేకు చేవ చెదలను తట్టుకోవడానికి టెక్టోక్వినోన్ వంటి పదార్థాలు తోడ్పడతాయి. ఏ జాతిలోనైనా తెల్లచెక్క మన్నికైనది కాదు. టేకుకు కూడా ఇందులో మినహాయింపు లేదు.

దుంగ పరిమాణం ఎందుకు ముఖ్యమో చిన్న లెక్కతో గ్రహించవచ్చు. 20 సెం.మీ. వ్యాసం గల దుంగ చుట్టూ 3 సెం.మీ. మందాన తెల్లచెక్క ఉన్నదనుకుంటే, చేవ వ్యాసం 14 సెం.మీ. మాత్రమే. అనగా కోత ముఖంలో చేవ వాటా 49 శాతం. అదే మందం తెల్లచెక్క గల 40 సెం.మీ. దుంగలో చేవ 72 శాతానికి చేరుతుంది. తొందరపడి నరికిన తోట టేకుకు, ముదిరిన టేకుకు మధ్య తేడా ప్రధానంగా ఇక్కడే ఉంది.

మన దేశంలో కలప సహజ మన్నికను నిర్ధారించడానికి చేవ ముక్కలను సగం వరకు భూమిలో పాతి, చెదలకు, శిలీంధ్రాలకు ఎన్నాళ్ళు తట్టుకుంటాయో పరిశీలిస్తారు. సగటున 120 నెలలు, అంతకు మించి నిలిచినవి మొదటి తరగతి. 60 నుండి 120 నెలలు నిలిచినవి రెండవ తరగతి. 60 నెలల లోపు శిథిలమైనవి మూడవ తరగతి. టేకు మొదటి తరగతికి, మామిడి, రబ్బరు కలపలు మూడవ తరగతికి చెందుతాయి. ఈ నెలలు నేలలో పాతిన కలపకు వర్తించేవి. పొడిగా ఉండే ఇంటి లోపల అదే కలప ఎంతో ఎక్కువ కాలం నిలుస్తుంది. కనుక ఈ తరగతులను జాతుల మధ్య పోలికగానే గ్రహించాలి.

కొనే సమయంలో పాలిష్ చేసిన ముఖభాగాన్ని మాత్రమే చూడడం సరికాదు. బల్ల అడుగుభాగం, సొరుగు లోపల, బీరువా వెనుక, కోళ్ళ చివరలు పరిశీలించాలి. ముదురు రంగు పూత తెల్లచెక్కను సులభంగా దాచగలదు. వీలైతే పాలిష్‌కు ముందే సామగ్రిని చూడడం ఉత్తమం.

ఆరుదల

కలప తేమను పొడి బరువు ఆధారంగా లెక్కిస్తారు. 125 గ్రాముల ముక్కను ఓవెన్‌లో సుమారు 103 డిగ్రీల సెల్సియస్ వద్ద స్థిర బరువు వచ్చేవరకు ఆరబెట్టినప్పుడు 100 గ్రాములు తూగితే, దాని తేమ 25 శాతం. పచ్చి కలప ఆరేటప్పుడు తొలుత కణకుహరాలలోని నీరు పోతుంది. అప్పటి వరకు కలప కుంచించుకుపోదు. తేమ సుమారు 25–30 శాతానికి దిగిన తరువాత కణకవచాలలోని నీరు తగ్గడం ఆరంభమై, కలప ముడుచుకుంటుంది. వార్షిక వలయాల వెంబడి వచ్చే కుంచనం వాటికి అడ్డంగా వచ్చే కుంచనానికి దాదాపు రెండింతలు ఉంటుంది. పలకలు వంగడానికి, పగలడానికి మూలం ఈ వ్యత్యాసమే.

ఆరిన కలప కూడా పరిసర గాలిలోని తేమతో సమతౌల్యానికి వస్తూనే ఉంటుంది. కోస్తా తీరపు తేమకు అలవాటుపడిన పలకలతో చేసిన బీరువాను అనంతపురం వంటి పొడి ప్రాంతానికి తరలిస్తే అతుకులు వదులై, తలుపులు బీటలు వారే అవకాశం ఉంది. ఈ కారణంగానే భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 287 దేశాన్ని గాలి తేమను బట్టి నాలుగు మండలాలుగా విభజించి, ఒక్కొక్క మండలానికి తగిన తేమ పరిమితులను సూచించింది. తేమ 20 శాతం లోపు ఉన్నంతవరకు కలపను కుళ్ళబెట్టే శిలీంధ్రాలు సాధారణంగా వృద్ధి చెందవు. చేతిలో ఇమిడే తేమ మీటరుతో వడ్రంగి గాని, కొనుగోలుదారు గాని దీనిని క్షణాలలో పరీక్షించవచ్చు.

శుద్ధి

మామిడి, రబ్బరు వంటి కలపలకు శుద్ధి తప్పనిసరి. పుప్పిపురుగు తెల్లచెక్క రంధ్రాలలో గుడ్లు పెట్టగా, పిల్లపురుగులు అందులోని పిండిపదార్థాన్ని తిని కలపను పొడి చేస్తాయి. సామగ్రి కింద మెత్తని పిండి కొత్తగా రాలుతుంటే లోపల పురుగు చురుకుగా ఉన్నట్లు గుర్తించాలి. పూర్వం గ్రామాలలో తుమ్మ దుంగలను నెలల తరబడి చెరువులో నానవేసేవారు. నీటిలో పిండిపదార్థం, చక్కెరలు తగ్గిపోయి పురుగు బెడద తగ్గుతుందన్న శాస్త్రీయాంశం ఆ ఆచారంలో ఇమిడి ఉంది.

నేడు ఇంటి లోపలి సామగ్రికి బోరాక్స్, బోరిక్ ఆమ్లం మిశ్రమ ద్రావణం అనుకూలమైనది. ఇది పచ్చి కలపలోకి వ్యాపించి పురుగును నిరోధిస్తుంది. వానకు తడిస్తే కరిగిపోతుంది గనుక ఆరుబయట సామగ్రికి పనికిరాదు. ఆర్సెనిక్, క్రోమియం కలిగిన శుద్ధి రసాయనాలను ఇంటి సామగ్రికి వాడరాదు. పాలు తగ్గిన రబ్బరు చెట్లను కేరళలో సాధారణంగా 25–30 సంవత్సరాల వయసులో తొలగిస్తారు. ఒకప్పుడు ప్రధానంగా వంటచెరకైన ఆ కలపను సామగ్రికి యోగ్యంగా మార్చినవి శుద్ధి, కొలిమి ఆరుదల ప్రక్రియలే. మన పొలాల మామిడికీ ఇదే మార్గం వర్తిస్తుంది.

అతుకు, బోర్డులు

ఒక కర్రలో తొలిచిన బెజ్జంలోకి మరో కర్ర మొనను బిగించే అతుకును విప్పి మరమ్మతు చేయవచ్చు. మేకులతో, పలుచని జిగురుతో నిలిపిన సామగ్రికి ఆ అవకాశం తక్కువ. పార్టికల్ బోర్డు, ఎం.డి.ఎఫ్. వంటివి చిన్న కలపను, మిల్లు వ్యర్థాలను సద్వినియోగం చేస్తాయి. అయితే సాధారణ రకాలు తడిస్తే ఉబ్బి, మరలు పట్టు కోల్పోతాయి. వాటిలో వాడే యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు నుండి ఫార్మాల్డిహైడ్ వాయువు వెలువడుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీనిని మానవులలో క్యాన్సర్ కలిగించే పదార్థంగా వర్గీకరించింది. బోర్డు సామగ్రి కొనవలసి వస్తే తక్కువ ఉద్గారాలను సూచించే ఇ-1, ఇ-0 గుర్తులను అడిగి తెలుసుకోవాలి.

పర్యావరణ హితానికి కొలమానం

పొడి కలప బరువులో దాదాపు సగం కర్బనమే. 12 శాతం తేమ గల 40 కిలోల మంచంలో పొడి కలప సుమారు 36 కిలోలు, కర్బనం 18 కిలోలు ఉంటాయి. అనగా సుమారు 65 కిలోల బొగ్గుపులుసు వాయువుకు సమానమైన కర్బనం ఆ మంచంలో బందీ అయి ఉంటుంది. మంచం ఐదేళ్ళకే పొయ్యిలోకి చేరితే ఆ నిల్వ గాలిలో కలుస్తుంది. చెట్టు పెరగడానికి పట్టినంత కాలమైనా దాని కలపతో చేసిన వస్తువు నిలిస్తే, ఆలోగా మరో చెట్టు ఎదిగి దాని స్థానాన్ని భర్తీ చేయగలదు. ఈ దృష్టితో చూస్తే మన్నిక, పర్యావరణ హితం వేరువేరు గుణాలు కావు.

కలప మూలం కూడా విచారించదగినది. శేషాచలం పరిసర అడవులకు ప్రత్యేకమైన ఎర్రచందనం 1995 నుండి, జిట్టేగితో సహా డాల్బెర్జియా ప్రజాతి 2017 జనవరి నుండి 'సైటీస్' ఒప్పందం రెండవ అనుబంధంలో ఉన్నాయి. చట్టబద్ధమైన పత్రాలు లేని ఇటువంటి కలపను కొనరాదు. కేంద్ర ప్రభుత్వం 2023 డిసెంబరులో ప్రారంభించిన భారత అటవీ, కలప ధ్రువీకరణ పథకం అడవుల వెలుపల పెరిగిన చెట్లకూ వర్తిస్తుంది. పాత ఇళ్ళు కూల్చినప్పుడు లభించే దూలాలు, ద్వారబంధాలు మరో ఉత్తమ వనరు. వాటిలో తరచుగా ముదిరిన చేవ ఉంటుంది. దశాబ్దాలుగా ఆరి ఉంటాయి. కొత్తగా చెట్టు నరకవలసిన పని లేదు. మేకులు, చెదల జాడలు పరిశీలించి కొనడమే అవసరం.

అవసరానికి తగిన కలప

• టేకు: బీరువాలు, తలుపులు, మంచాలు. చేవ పాలును బట్టి ధర నిర్ణయించుకోవాలి.
• వేప: బీరువాలు, పెట్టెలు. నార అల్లుకొని ఉండటం వల్ల చిత్రిక పట్టడం శ్రమతో కూడినది.
• నల్లతుమ్మ: బరువు మోసే కోళ్ళు, పీటలు, బల్లల చట్రాలు. బండి చక్రాలకు వాడిన దృఢత్వం దీనిది.
• నల్లమద్ది: ద్వారబంధాలు, బరువైన చట్రాలు. నెమ్మదిగా ఆరబెట్టకపోతే పగులుతుంది.
• పనస: కుర్చీలు, పెట్టెలు, అలంకరణ పనులు.
• మామిడి, రబ్బరు: శుద్ధి చేసిన తరువాత కుర్చీలు, బల్లలు, అరలు.

విస్తరణ శాస్త్రవేత్తల కర్తవ్యం

జాతీయ వ్యవసాయ అటవీ విధానం 2014లో రూపొందింది. పొలాలలో కలప పెరుగుతున్నది. పొలానికీ వడ్రంగికీ మధ్య గొలుసు మాత్రం బలహీనంగా ఉంది. దానిని బలపరచడానికి రైతులకు ఈ అంశాలు బోధించవలసి ఉంది.

1. గట్ల మీది వేప, తుమ్మలకు లేత వయసులోనే పక్క కొమ్మలు తీసి, ముడులు లేని నిటారు కాండాన్ని పెంచాలి.
2. టేకు తోటలలో బలహీనమైన చెట్లను తీసివేసి, మిగిలిన వాటిని లావెక్కనివ్వాలి. అన్నింటినీ లేతగా అమ్మడం నష్టదాయకం.
3. నరికిన దుంగలను ఆలస్యం లేకుండా కోయించాలి. పలకల చివరలకు రంగు పూయాలి.
4. పలకలను నీడలో, నేలకు ఎత్తుగా, వరుసల మధ్య సమాన మందం గల బద్దలుంచి పేర్చాలి.
5. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం ప్రకారం ఏ జాతులకు అనుమతి అవసరమో నరకడానికి ముందే తెలుసుకోవాలి.

ఒక్కొక్క రైతు ఆరుదల కొలిమిని గాని, శుద్ధి తొట్టెను గాని ఏర్పాటు చేసుకోలేడు. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు ఉమ్మడిగా వీటిని నెలకొల్పితే, వంటచెరకుగా పోతున్న దుంగ పలకగా మారి విలువ సంతరించుకుంటుంది. విద్యార్థులు తమ ప్రాంతపు మిల్లులలో లభించే పలకల తేమను, చేవ పాలును కొలిచి నమోదు చేయడం ఈ దిశలో ఉపయోగకరమైన క్షేత్రాభ్యాసం. "ఇది టేకేనా?" అన్న ప్రశ్నకు బదులు "చేవ ఎంత? తేమ ఎంత? శుద్ధి జరిగిందా? ఎక్కడ పెరిగింది?" అని కొనుగోలుదారులు అడగడం నేర్చిన నాడు గట్టు మీది వేపకు కూడా తగిన ధర పలుకుతుంది.