అజాన్ వేళ ఆగని టీవీ

మగ్రిబ్ అజాన్ వినిపించే వేళకే మా ఇంట టీవీలో వార్తలు సాగుతుండేవి. ఒకరు వుజూకు లేస్తే, మరొకరు ‘ఈ ఒక్క వార్త చూసి వస్తాను’ అంటూ కూర్చుండిపోయేవారు. ఈ అలవాటును మార్చుకోవాలన్న సంకల్పంతో మేము ఒక పాత కంప్యూటరుకు డీవీబీ ట్యూనర్ కార్డు అమర్చి, లినక్స్‌పై నడిచే రికార్డరును తయారుచేసుకున్నాము. ఉచితంగా అందే, ఎన్‌క్రిప్షన్ లేని చానెళ్లను అది నిర్ణీత వేళకు తనంతట తానే రికార్డు చేస్తుంది. సెకనుకు 4 మెగాబిట్ల ప్రసారానికి గంటకు సుమారు 1.8 గిగాబైట్ల స్థలం సరిపోతుంది.

అయితే, రికార్డయినదాన్ని ఏ సాఫ్ట్‌వేరుతో చూడాలన్నదే అసలు ప్రశ్న అయింది. మొదట వీఎల్‌సీని ఎంచుకున్నాము. అది దాదాపు ప్రతి ఫైలునూ చూపిస్తుంది. కాని మౌసు పట్టి ఫోల్డర్లలో వెతకవలసి వచ్చేది. ‘నా వార్తల కోసం రోజూ పిల్లల్ని బతిమాలుకోవాలా?’ అన్నారు దాదీమా. ఆమె మాట సబబే. పెద్దలను పరాధీనులను చేసే సౌకర్యం సౌకర్యమెలా అవుతుంది?

తరువాత మిత్‌టీవీని పరిశీలించాము. 2002లో ఐజాక్ రిచర్డ్స్ ప్రారంభించిన ఈ సాఫ్ట్‌వేరు రికార్డు చేయడం, చూపించడం రెండూ నిర్వహిస్తుంది. ప్రకటనలను గుర్తించి దాటవేయగలదు. పిల్లలున్న ఇంట ఇది చిన్న మేలు కాదు. అయితే ఆ గుర్తింపు అంచనాయే కనుక ఒక్కోసారి కార్యక్రమాన్నీ దాటవేయవచ్చు. దానికి డేటాబేసును అమర్చి నిర్వహించే ఓపిక కూడా కావాలి.

చివరకు రికార్డింగు బాధ్యతను టీవీహెడెండ్‌కు, చూపించే బాధ్యతను కోడికి అప్పగించాము. పెద్ద అక్షరాల జాబితా నుంచి దాదీమా రిమోటుతోనే తనకు కావలసినది ఎంచుకుంటున్నారు. ఆపిన చోటి నుంచే తిరిగి చూడవచ్చు. పిల్లలకు వేరే ప్రొఫైలు ఏర్పరచి, మిగిలిన వాటికి తాళం వేయవచ్చు. ఒక్క జాగ్రత్త అవసరం: కొత్త సినిమాలను ఉచితంగా చూపిస్తామనే అనధికార యాడ్-ఆన్‌ల జోలికి పోరాదు. ఇతరుల శ్రమఫలాన్ని అనుమతి లేకుండా అనుభవించడం మనకు ధర్మసమ్మతం కాదు.

ఇప్పుడు అజాన్ వినగానే టీవీ ఆగుతుంది. వార్తలు ఇషా తరువాత కూడా అక్కడే ఉంటాయి. యంత్రం మనల్ని నమాజుకు లేపదు, మన సాకును మాత్రమే తొలగిస్తుంది. లేవవలసింది మనమే.