తూము చెడితే చెరువు లోపల మరమ్మతు

ఘాజియాబాద్ ఇందిరాపురం నుంచి ఒక పాఠకురాలు రాశారు: ‘బడి పరుగుపందెంలో మా పాప పడిపోయింది. ఈసీజీ బాగుందన్నారు. ఫిట్స్ అని ఏడాది మందులు వాడాం. ట్రెడ్‌మిల్ ఎక్కించాక గానీ సీపీవీటీ అనే గుండె జబ్బని తెలియలేదు. దీనికి జీన్ ఇంజెక్షన్ వస్తోందట, నిజమేనా?’

నిజమేనమ్మా. అమెరికాలో సాలిడ్ బయోసైన్సెస్ కంపెనీ ఎస్‌జీటీ-501 అనే ఆ ఇంజెక్షన్‌ను మనుషుల్లో పరీక్షించేందుకు 2025లో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. ఇది తొలి దశ. కానీ ఇందులో కిటుకు ఎంత అందమైనదో చెప్పకుండా ఉండలేను.

గుండె కణంలో ఒక కాల్షియం చెరువు ఉంటుంది, దానికో తూము. ప్రతి స్పందనకూ తూము తెరుచుకుని కాల్షియం పారుతుంది, కణం ముడుచుకుంటుంది. తర్వాత పంపులు దాన్ని మళ్లీ చెరువులోకి తోడేస్తాయి. పరుగెత్తినా, భయపడినా అడ్రినలిన్ పెరుగుతుంది, పంపులు జోరందుకుంటాయి, చెరువు నిండుతుంది. ఈ జబ్బులో తూము ఆ నిండుకు ఆగలేక కారుతుంది. పడుకోబెట్టి తీసిన ఈసీజీలో ఏమీ కనపడనిది అందుకే. కారిన ఒక్కో కాల్షియాన్ని బయటికి పంపడానికి కణం మూడు సోడియంలను లోపలికి రానిస్తుంది. పోయేవి రెండు ధనావేశాలు, వచ్చేవి మూడు. మిగిలే ఆ ఒక్కటే పోగుపడి, వేళ కాని వేళ గుండెను కొట్టిస్తుంది!

చెరువు లోపల కాల్షియాన్ని పట్టి ఉంచేది కాల్సీక్వెస్ట్రిన్ అనే ప్రోటీన్. 1971లో శాస్త్రవేత్తలు మెక్లెనన్, వాంగ్ దాన్ని గుర్తించారు. ఉత్త గోనెసంచి అనే చాలాకాలం అనుకున్నారు. 2001లో ఉత్తర ఇజ్రాయెల్‌లో, మన మేనరికాల్లా దగ్గరి పెళ్లిళ్లున్న ఒక బెడూయిన్ తెగలో, ఈ ప్రోటీన్ జన్యువు చెడడమే పిల్లల్లోని ఈ జబ్బుకు మూలమని తేలింది. 2006లో శాస్త్రవేత్త నోల్‌మన్ బృందం ఎలుకల్లో ఆ ప్రోటీన్‌ను పూర్తిగా తీసేసింది. సంచి లేకపోతే సరుకు నిలవదు, గుండె కుదేలవ్వాలి కదా? కాలేదు. కణాలు చెరువునే పెద్దది చేసుకున్నాయి. అడ్రినలిన్ లాంటి మందు ఇచ్చినప్పుడు మాత్రం తూము కారింది. అంటే అది తూముకు కాపలా కూడా!

ఎక్కువమందిలో చెడేది తూము జన్యువే. దాన్నే మార్చేయవచ్చుగా? 4,967 అమైనో ఆమ్లాల ఆ తూముకు దాదాపు 15,000 జన్యు అక్షరాలు కావాలి. జన్యువును మోసుకెళ్లే ఏఏవీ వైరస్‌లో పట్టేవి సుమారు 4,700. కాల్సీక్వెస్ట్రిన్‌కు 1,200 చాలు. అందుకే తూమును అలాగే ఉంచి, కాపలాను పెంచుతున్నారు. తూము చెడినా, కాపలా చెడినా ఒకే మందు పనికొస్తుందని ఆశ. ఇటలీలో పవియా నగరానికి చెందిన సిల్వియా ప్రియోరి బృందం కాపలా జన్యువు చెడిన ఎలుకల్లో ఈ దారి పనిచేస్తుందని ముందే చూపింది.

ఒకసారి ఎక్కించిన వైరస్‌ను వెనక్కి తీయలేం, కాబట్టి తొందరపడకూడదు. ఈలోగా డాక్టరు రాసిన బీటా బ్లాకర్‌ను ఒక్క పూట కూడా మాన్పించకండి. అది చాలకపోతే ఫ్లెకైనైడ్ అనే మందు ఉంది. నా కోపమల్లా ఒక్కటే: పరిగెడుతూ పడిపోయిన పిల్లకు ట్రెడ్‌మిల్ పరీక్ష చేయకుండా ఫిట్స్ మాత్రలు రాయడం. పాపకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్లకూ ఆ పరీక్ష చేయించండి.