ఇంటిపేరు చెప్పునది, చెప్పనిది

పంజాగుట్ట, అమీరుపేట వీధులలోని అపార్టుమెంటుల ముంగిట, మెట్ల ప్రక్కన, అందు కాపురమున్న వారి పేర్లు వ్రాసిన పలకలు ఉండును. వాటిని తీరికగా చదివినచో తెలుగునేల పటము కన్నులకు కట్టును. కందుకూరి, వేమూరి, కొండవీటి, తాడేపల్లి, పాలకుర్తి - ఇవన్నియు ఊళ్ల నుండి వచ్చిన ఇంటిపేర్లే. వాటి ప్రక్కనే మర్రి, తుమ్మల వంటి చెట్ల పేర్లును, గుర్రం, కత్తి వంటి జంతువుల, వస్తువుల పేర్లును కనిపించును. ఇన్ని ఊళ్లకు చోటిచ్చిన ఆ పలకపై ‘పంజాగుట్ట’ అను ఇంటిపేరు మాత్రము దొరకుట కష్టము.

ఇది వింతగా తోచవచ్చును గాని, వింత కాదు. ఇంటిపేర్లు ఎట్లు పుట్టినవో, ఎట్లు వ్యాపించినవో తెలిసికొన్నచో ఇట్లుండుటయే సహజమని బోధపడును.

ఊరు విడిచిన పిమ్మటనే ఊరిపేరు

ఒక ఊరిలో అందరును ఆ ఊరివారే. అట్టిచోట ఒకనిని ‘ఈ ఊరివాడు’ అని పిలుచుటవలన ప్రయోజనము లేదు. నలుగురిలో వానిని గుర్తించుటకు ఆ మాట పనికిరాదు. వాడు పొరుగూరికి కాపురము పోయిననాడే ‘ఫలానా ఊరివారు’ అను మాటకు పని కలుగును. కాబట్టి ఊరిపేరుతో నున్న ఇంటిపేరు, ఆ కుటుంబము ఉన్నచోటును గాక, విడిచి వచ్చిన చోటును చెప్పును.

ఈ సూత్రము తెలుగువారికి మాత్రమే చెందినది కాదు. జర్మనీలో ‘బేయర్’ అను ఇంటిపేరు కలదు. దాని అర్థము బవేరియా దేశీయుడు అని. బవేరియా నడిబొడ్డున అందరును బవేరియావారే కనుక, ఆ పేరు పొరుగు ప్రాంతములకు వలస వెళ్లినవారికి అంటుకొనుట సహజము. ‘బోమ్’ అనగా బొహీమియా నుండి వచ్చినవాడు. అచ్చటను ఇచ్చటను మనుష్యుల తర్కము ఒక్కటే.

మన చరిత్రలో దీనికి మంచి ఉదాహరణములు గలవు. కందుకూరి వీరేశలింగము 1848లో రాజమహేంద్రవరమున జన్మించెను. ఆయన ఇంటిపేరునకు మూలమైన కందుకూరు ఎక్కడనో దక్షిణమున, ఒంగోలు, నెల్లూరుల నడుమ నున్నది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో తిరుత్తణిలో జన్మించెను. సర్వేపల్లి నెల్లూరు జిల్లాలోని గ్రామము. తిరుత్తణి 1960లో మద్రాసు రాష్ట్రమున చేరినది. అయినను ఆ కుటుంబము పూర్వము ఎచ్చటనుండి కదలినదో ఇంటిపేరు నేటికిని చెప్పుచునే యున్నది.

ఇంటిపేరు ఒక మనిషి జీవితకాలములోనే మారవచ్చుననుటకు హైదరాబాదు నగరమే సాక్ష్యము. 1952 నుండి 1956 వరకు హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రిగా నున్న రామకృష్ణారావుగారి అసలు ఇంటిపేరు పుల్లంరాజు. స్వగ్రామము షాద్‌నగర్ సమీపమున నున్న బూర్గుల. ఆయనను లోకము బూర్గుల రామకృష్ణారావు అనియే ఎరుగును. వెనుకటి ఇంటిపేరు మరుగున పడి, ఊరిపేరు దాని స్థానమున నిలిచినది.

పేరు కట్టిన తీరు

ఊరిపేరు ఇంటిపేరగునప్పుడు తెలుగు వ్యాకరణము తన పని తాను చేయును. ‘కందుకూరు యొక్క’ అను అర్థములో ‘కందుకూరి’ అనుట భాషా స్వభావము. అట్లే వేమూరు వేమూరి యైనది. కొండవీడు కొండవీటి యైనది. అన్నవరము అన్నవరపు అయినది. ‘పల్లి’తో ముగియు పేర్లకు ఈ మార్పు లేదు, తాడేపల్లి తాడేపల్లిగనే యుండును. కాబట్టి ఇంటిపేరు చివరి అక్షరములను బట్టి మూలగ్రామము పేరును ఊహించుట సాధ్యము. అయితే ఒకే పేరుగల ఊళ్లు అనేకములుండుటచేత, పేరు దొరికినంత మాత్రమున ఊరు దొరకినట్లు కాదు.

ఊరితో సంబంధము లేని పేర్లును కలవు. అక్కినేని వంటి పేర్లలోని ‘నేని’, ‘నాయని’ అను మాట కుదించుకొనిపోయిన రూపము. పూర్వుడైన ఒక నాయకుని అది తలపించును. కొమర్రాజు, ద్రోణంరాజు వంటివి పూర్వపురుషుల పేర్లనుండి వచ్చినవి. దేశముఖ్, కరణము వంటివి ఉద్యోగములను తెలుపును.

ఈ ఆచారము మిక్కిలి పాతది. 13వ శతాబ్దికి చెందిన తిక్కనకు కొట్టరువు అను ఇంటిపేరు కలదు. అదే శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు, 15వ శతాబ్దమున బమ్మెర పోతన వెలసిరి. పాలకుర్తి, బమ్మెర రెండును నేటి జనగామ జిల్లాలో ఒకే మండలములోని గ్రామములు. శతాబ్దముల తరబడి ఆ ఊళ్లను తెలుగువారు కవుల పేర్లతో కలిపి నిత్యము ఉచ్చరించుచున్నారు.

కొన్ని పేర్లు ఏల అంతరించును?

ఇంటిపేరు సాధారణముగా తండ్రినుండి కుమారునికి సంక్రమించును. కుమార్తె వివాహమైన పిమ్మట భర్త ఇంటిపేరు గ్రహించుట పూర్వాచారము. మగసంతానము లేని ఇంట, దత్తత జరిగిననే తప్ప, పేరు ఆగిపోవును. ఈ సంగతిని గణితరీత్యా పరిశీలింపదలచి 1873లో ఫ్రాన్సిస్ గాల్టన్ అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ఒక ప్రశ్నను ప్రకటించెను. హెన్రీ వాట్సన్ అను మతాచార్యుడు దానిని సాధింప పూనుకొనెను. 1874లో వారిరువురును కలిసి దీనిపై వ్యాసము వెలువరించిరి.

వారి పద్ధతిని చిన్న లెక్కతో చూడవచ్చును. వేర్వేరు ఇంటిపేర్లు గల 100 మంది పురుషులు ఒక ఊరిలో నున్నారనుకొందము. నలుగురిలో ఒకనికి కుమారులు లేరు, ఇద్దరికి ఒక్కొక్కడు, ఒకనికి ఇద్దరు. సగటున ఒక్కొక్క తండ్రికి ఒక్కొక్క కుమారుడే. జనసంఖ్య పెరగదు, తరగదు. అయినను మొదటి తరము గడచునప్పటికే సుమారు 25 ఇంటిపేర్లు మాయమగును. రెండవ తరమునకు 39, మూడవ తరమునకు 48, నాలుగవ తరమునకు 55 పేర్లు పోవును. పది తరములు గడచునప్పటికి మిగులునవి సుమారు 26 మాత్రమే. ఎవరికిని కరువు రాలేదు, తెగులు రాలేదు. కేవలము యాదృచ్ఛికముగనే నాలుగింట మూడు వంతులు అంతరించినవి. మిగిలిన పేర్లు ఒక్కొక్కటి అనేక కుటుంబములకు వ్యాపించినవి.

వాట్సన్ ఈ లెక్కలో పొరపాటుపడి, జనసంఖ్య పెరుగుచున్నను అన్ని పేర్లును తుదకు నశించునని భావించెను. సగటున ఒక్కరికంటె ఎక్కువమంది కుమారులున్నచో కొన్ని పేర్లు శాశ్వతముగ నిలుచుటకు అవకాశమున్నదని తరువాతి గణితజ్ఞులు నిరూపించిరి. పరమాణు రియాక్టరులో న్యూట్రానుల పరంపర కొనసాగునా, ఆగునా అను ప్రశ్నకును ఇదే గణితము ఉపయోగపడుచున్నది.

పేర్ల పటము

జర్మనీలో పండితులు 2005 నాటి టెలిఫోను చందాదారుల వివరములను ఆధారము చేసికొని, ఏ ఇంటిపేరు ఏ ప్రాంతమున ఎంత దట్టముగ నున్నదో తెలుపు పటములను తయారుచేసిరి. తెలుగునేలకు అట్టి పటము గీయదలచిన వానికి మొదటనే ఒక చిక్కు ఎదురగును. అనేకులు ఇంటిపేరును ఒక్క అక్షరమునకు కుదించి వ్రాయుదురు. ‘కె’ అను అక్షరము వెనుక కందుకూరి యున్నదో, కొండవీటి యున్నదో, కత్తి యున్నదో జాబితా చెప్పజాలదు.

సముద్రము దాటినవారి సంగతి మరియొక తీరు. 19వ శతాబ్దమున ఒప్పందపు కూలీలుగా మారిషస్ ద్వీపమునకు పోయిన తెలుగువారి ఇంటిపేర్లు అనేకములు అచ్చటి దస్తావేజులలోనికి ఎక్కలేదు. అధికారులు వారి సొంత పేర్లను వ్రాసికొనిరి. అవే సంతతివారికి ఇంటిపేర్లయినవి. ఫ్రెంచి భాషలో నవలలు వ్రాయు మారిషస్ రచయిత్రి నతాషా అప్పన్న పేరులో ఇంటిపేరుగా నిలిచినది ఒక తెలుగు వ్యక్తినామమే. ఊరిపేరు పోయినది, ఒక తాత పేరు మిగిలినది. నేడు అమీరుపేటలో కంప్యూటరు శిక్షణ ముగించుకొని అమెరికా పోవు యువకుని ఇంటిపేరు పోదు గాని చోటు మారును. ముందుండినది వెనుకకు పోవును.

ఇంటిపేరు, రక్తసంబంధము

ఇంటిపేరు చరిత్రకారునికి మాత్రమే కాక వైద్యునికిని ముఖ్యమైనదే. ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రము గలవారు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్ర వంటివారనియు, వారి మధ్య వివాహము కూడదనియు పెద్దలు నియమించిరి. అదే సమయమున మేనమామ కూతురును, మేనత్త కూతురును, కొన్ని కుటుంబములలో అక్క కూతురును వివాహమాడుట ఆచారముగ నున్నది. వారి ఇంటిపేరు వేరు కనుక అభ్యంతరము లేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టము సపిండులలో వివాహమును నిషేధించినను, ఆచారమున్నచోట మినహాయింపు ఇచ్చినది.

జన్యుశాస్త్రము ఈ విషయమును వేరు కొలబద్దతో కొలుచును. ప్రతి మనిషికి దాదాపు ప్రతి జన్యువును రెండు ప్రతులుగా నుండును. ఒకటి తండ్రినుండి, ఒకటి తల్లినుండి వచ్చును. ఒక ప్రతి చెడినను రెండవది పని జరుపును గనుక చాల లోపములు బయటపడవు. భార్యాభర్తలిద్దరును ఒకే పూర్వునినుండి అదే చెడిన ప్రతిని పొందియున్నచో, బిడ్డకు రెండును చెడినవే సంక్రమించి వ్యాధి బయటపడవచ్చును. మేనమామ కూతురును వివాహమాడిన వాని బిడ్డలో, ఏదైన ఒక జన్యువునకు రెండు ప్రతులును ఒకే పూర్వునివే యగుటకు అవకాశము 16లో ఒకటి. అక్క కూతురు విషయమున 8లో ఒకటి.

ఇప్పుడు ఇంటిపేరు ఒకటే యైనవారిని చూతము. పెదనాన్న కూతురు విషయమునను అవకాశము 16లో ఒకటియే. మేనమామ కూతురునకును ఆమెకును రక్తమున భేదము లేదు. ఇంటిపేరు మాత్రము ఒకరిని చెల్లెలుగను, మరియొకరిని మరదలుగను చేసినది. పది తరముల క్రిందటి ఒకే దంపతుల సంతతివారైన ఇద్దరు, మరే బంధుత్వమును లేక ఒకే ఇంటిపేరు కలిగియున్నచో, ఆ అవకాశము సుమారు పది లక్షలలో ఒకటి. నియమము వద్దన్నచోట ప్రమాదము లేశమాత్రము. సరేయన్నచోట అది అధికము. ఒకే ఊరినుండి బయలుదేరిన వేర్వేరు కులములవారికి ఒకే ఇంటిపేరుండుటయు కలదు. వారి నడుమ ఏ చుట్టరికమును ఉండనక్కరలేదు.

పాశ్చాత్య దేశములలో, ఒకే ఇంటిపేరు గల వధూవరుల వివాహములను లెక్కించి దగ్గరి సంబంధములను అంచనా వేయు పద్ధతి కలదు. చార్లెస్ డార్విన్ కుమారుడు జార్జ్ డార్విన్ 1875లో దానికి దారిచూపెను. తెలుగునేలపై ఆ పద్ధతి పనిచేయదు. ఇచ్చట అట్టి వివాహములు మిక్కిలి అరుదు గనుక లెక్క దాదాపు సున్నా చూపును. దగ్గరి సంబంధములు మాత్రము మెండు. అందుచేతనే ద్రోణంరాజు కృష్ణారావు, మీరాఖాన్ అను పరిశోధకులు ఇంటిపేర్లపై ఆధారపడక బంధుత్వములనే పరిశీలించి, 1960లో ఆంధ్రప్రదేశ్‌లోని దగ్గరి వివాహములను గురించి ప్రకటించిరి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము కూడ ఆంధ్రప్రదేశ్‌లో వివాహితులైన స్త్రీలలో సుమారు నాలుగవ వంతు బంధువులనే వివాహమాడినవారు.

ఇందువలన భయపడవలసిన పని లేదు. బంధుత్వము లేని దంపతుల బిడ్డలలో పుట్టుకతో వచ్చు తీవ్రలోపములు నూటికి రెండు మూడు ఉండును; మేనరికపు దంపతులలో అది సుమారు రెట్టింపు. అనగా అట్టి దంపతులలో అత్యధికులకు ఆరోగ్యవంతులైన బిడ్డలే కలుగుదురు. అయితే కుటుంబములో అదివరకే వంశపారంపర్య వ్యాధి కనిపించినచో ముందుగ సలహా పొందుట అవసరము. పంజాగుట్టలోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో వైద్య జన్యుశాస్త్ర విభాగమున్నది. సమీపమున బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయపు జన్యుశాస్త్ర సంస్థ కలదు. ఇట్టిచోట్ల వైద్యులు మొదట చేయు పని వంశవృక్షము గీయుట. పురుషునికి చతురస్రము, స్త్రీకి వృత్తము, దగ్గరి బంధువుల వివాహమునకు జంటగీత. ఆ పటములో తల్లివైపువారికిని తండ్రివైపువారికిని సమానస్థానమే.

ప్రతి కుటుంబమును ఈ పని ఇంటివద్దనే ఆరంభింపవచ్చును. ముత్తాతలు, ముత్తవ్వలు కలిసి ప్రతివారికి ఎనిమిదిమంది. ఆ ఎనిమిదిమంది పుట్టింటి పేర్లును, ఊళ్లును, తెలిసిన వ్యాధులును వృద్ధులు జీవించియుండగనే అడిగి వ్రాసికొనవలెను. సంబంధము కుదుర్చుకొనునప్పుడు వధూవరుల రెండు జాబితాలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో, ఒక్క ఇంటిపేరు దాచియుంచిన చుట్టరికము కూడ బయటపడును.