ఎర్ర దీపం వెలిగేదాకా ఆగొద్దు: పాత చిన్న కారుకు ఆయిల్ ప్రెషర్ మీటరు

మన పాత్రపూర్ వైపు తెలుగు ఇళ్ళలో ఇంకా పాత చిన్న కార్లే ఎక్కువ. 15 ఏళ్ళు నిండాక మరో 5 ఏళ్ళకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుని నడుపుకుంటున్న బళ్ళు. ఇచ్ఛాపురంలో చుట్టాల పెళ్ళికైనా, బరంపురంలో పెద్దాసుపత్రికైనా అవే దిక్కు. సంఘం పని మీద ఎవరింటికి వెళ్ళినా, "సెక్రటరీ గారూ, మీ కారుకి ఏదో మీటరు పెట్టించారట, మాకూ కావాలంటారా?" అని అడుగుతున్నారు. అందరికీ ఒకేసారి చెబుదామని ఇది రాస్తున్నాను. నేను మెకానిక్‌ని కాను, గుమాస్తాగా రిటైరైన వాణ్ణి. కాకపోతే ఒక ఇంజన్ పోగొట్టుకుని నేర్చుకున్నాను.

నాలుగేళ్ళ క్రితం దిగపహండి దాటి తప్తపాణి ఘాటీ ఎక్కుతున్నాం. ఒక మలుపులో ఆయిల్ గుర్తు ఉన్న ఎర్ర దీపం మిణుకుమంది. మలుపు తిరగ్గానే ఆరిపోయింది. మా ఆవిడ ఆపమంది. "పైకి వెళ్ళాక చూద్దాంలే" అన్నాను. మరో రెండు కిలోమీటర్లకు దీపం వెలిగి ఇక ఆరలేదు. టకటకమని చప్పుడు చేసి ఇంజన్ పట్టేసింది. బేరింగులు అరిగిపోయాయి, క్రాంక్ షాఫ్టు గీతలు పడింది. మూడు నెలల పెన్షన్ దానికే పోయింది.

దీపం ఎందుకు చాలదు?

ఇంజన్ అడుగున ఉన్న ఆయిల్‌ని పంపు లాగి, ఫిల్టరు గుండా బేరింగులకు ఒత్తిడితో పంపుతుంది. ఇనుముకీ ఇనుముకీ మధ్య ఆ ఆయిల్ పొరే అడ్డు. కారులో ఉన్న దీపం ఒక చిన్న స్విచ్చి మీద ఆధారపడుతుంది. ఒత్తిడి సుమారు 5 పీఎస్‌ఐకి పడిపోతే గానీ అది వెలగదు. రోడ్డు మీద వేగంగా పోయే మంచి ఇంజన్‌లో ఒత్తిడి 40, 50 దాకా ఉంటుంది. అది 50 నుంచి 10కి జారినా దీపానికి పట్టదు. వెలిగేసరికి చాలాసార్లు నష్టం మొదలైపోయే ఉంటుంది. మన పొలాల్లో తిరిగే చాలా ట్రాక్టర్లకు ఆయిల్ ప్రెషర్ మీటరు ఉంటుంది. డ్రైవరు పొద్దున్నే దాని ముల్లు చూసి గానీ బండి కదల్చడు. చిన్న కార్లలో ఖర్చు తగ్గించడానికి ముల్లు తీసేసి దీపం మిగిల్చారు.

ఏది కొనాలి?

మీటర్లు రెండు రకాలు. మొదటిది మెకానికల్. ఇంజన్ నుంచి సన్నని గొట్టంలో ఆయిలే మీటరు దాకా వస్తుంది. 1849లో ఫ్రాన్సులో యూజీన్ బూర్డాన్ పేటెంటు తీసుకున్న వంపు గొట్టమే ఇప్పటికీ దాని లోపల ఉంటుంది. కరెంటు అక్కర్లేదు, సరిగ్గా చూపిస్తుంది. కానీ గొట్టం చిట్లితే మరిగే ఆయిల్ కాళ్ళ మీద పడుతుంది.

రెండోది ఎలక్ట్రిక్. ఇంజన్ దగ్గర సెండర్ ఉంటుంది, లోపలికి వైరు మాత్రమే వస్తుంది. ఇంటిల్లిపాదీ ఎక్కే కారుకు ఇదే మేలు. మీటరూ సెండరూ జతగా ఒకే పెట్టెలో కొనండి. కొన్ని సెండర్లు 10 నుంచి 180 ఓమ్‌ల లెక్కవి, కొన్ని 240 నుంచి 33 ఓమ్‌లవి. ఒకదాని మీటరుకు ఇంకొకదాని సెండరు పెడితే ముల్లు అబద్ధం చెబుతుంది.

త్రెడ్ కూడా చూసుకోవాలి. మన చిన్న కార్లలో చాలావాటికి 1/8 అంగుళం బీఎస్‌పీటీ త్రెడ్, అంగుళానికి 28 చుట్లు. అమెరికా ఎన్‌పీటీ త్రెడ్‌కి 27. చూపుకు ఒకేలా ఉంటాయి. బలవంతంగా తిప్పితే ఇంజన్ బ్లాక్‌లో త్రెడ్ పాడవుతుంది. పాత స్విచ్చి విప్పి చేత్తో పట్టుకుని షాపుకి వెళ్ళడం ఉత్తమం.

బిగించేటప్పుడు

- ఇంజన్ చల్లారాక, బ్యాటరీ వైరు తీసి పని మొదలుపెట్టించండి.
- పాత స్విచ్చి తీసేయనివ్వకండి. టీ జాయింటు వేసి దీపమూ మీటరూ రెండూ ఉంచండి. ముల్లు మీద ఎప్పుడూ కన్ను ఉండదు, దీపం కళ్ళబడుతుంది.
- సెండరు బరువుగా ఉంటే ఇంజన్ అదురుకు టీ విరగొచ్చు. చిన్న హోస్ పైపుతో దాన్ని బాడీకి బిగించి, విడిగా ఎర్తు వైరు ఇప్పించండి.
- టెఫ్లాన్ టేపు ఎక్కువ చుట్టకూడదు. ఎర్తు సరిగ్గా అందక మీటరు తప్పు చూపిస్తుంది. తునక ఊడితే ఆయిల్ దారికి అడ్డుపడుతుంది.
- వైరు లోపలికి వచ్చే రేకు కన్నానికి రబ్బరు వాషరు, లైనులో ఫ్యూజు తప్పనిసరి. సైలెన్సరు గొట్టానికి దూరంగా తిప్పాలి.
- చివర ఇంజన్ స్టార్ట్ చేసి, టార్చితో ప్రతి జాయింటూ చూడండి. మర్నాడు మళ్ళీ చూడండి.

ముల్లును ఎలా చదవాలి?

పొద్దున్నే చల్లని ఇంజన్‌లో ముల్లు పైకి లేస్తుంది, ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి కంగారు లేదు. వేడెక్కాక ప్రతి 1000 ఆర్‌పీఎంకు సుమారు 10 పీఎస్‌ఐ అన్నది మెకానిక్కుల మోటు లెక్క. మీ బండి అసలు అంకె మాన్యువల్‌లో ఉంటుంది. మీటరు మీద బార్ అని ఉంటే, 1 బార్ అంటే 14.5 పీఎస్‌ఐ.

అంకె కన్నా మార్పు ముఖ్యం. మలుపుల్లో ముల్లు పడిపోతుంటే ఆయిల్ తగ్గిందని అనుమానించాలి. నెల నెలకీ కొంచెం కొంచెం దిగుతుంటే బేరింగులు గానీ పంపు గానీ అరుగుతున్నాయి. ఉన్నట్టుండి సున్నా అయితే వెంటనే పక్కకు తీసి ఇంజన్ ఆపేయాలి. ఆయిల్ కొలత పుల్ల చూడాలి. ఆయిల్ ఉంది కదా అని, మీటరే పాడైందని అనుకుని బండి నడపకూడదు, మెకానిక్‌ని పిలవాలి.

చివరగా ఒక మాట. కొనే ముందు మెకానిక్ దగ్గరున్న టెస్ట్ మీటరుతో ఒకసారి ప్రెషర్ చూపించుకోండి. ఇప్పటికే తక్కువ ఉంటే ఆ డబ్బు ఇంజన్ మీద పెట్టండి. మీటరు జ్వరం చూపిస్తుంది, మందు వేయదు. ఇవేవీ కుదరకపోతే వారానికోసారి ఆయిల్ కొలత పుల్ల తీసి చూడండి. దానికి పైసా ఖర్చు లేదు. ఆ వారం నేను అది చూసి ఉంటే, ఘాటీలో మనవడితో రోడ్డు పక్కన రెండు గంటలు కూర్చునే వాళ్ళం కాదు.