సమయ సమతూకం: పనివేళలకూ కుటుంబ వేళలకూ మధ్య మొబైల్ యాప్ రూపకల్పన

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• సమయ సమతూకం సమస్యను యాప్ రూపకల్పనకు అనువుగా నిర్వచించగలుగుతారు.
• గంటల మొత్తాన్ని లెక్కించడానికీ, వేళను కాపాడడానికీ ఉన్న తేడాను ఉదాహరణతో వివరించగలుగుతారు.
• అలాంటి యాప్‌కు కావలసిన సమాచార నిర్మాణాన్ని, నోటిఫికేషన్ నియమాలను, గోప్యతా నియమాలను రాయగలుగుతారు.
• యాప్ పనితీరును ఏ కొలమానంతో అంచనా వేయాలో చెప్పగలుగుతారు.

7.1 పరిచయం

రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అనే పని పరిమితిని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో తన మొట్టమొదటి ఒడంబడికలోనే పరిశ్రమలకు నిర్దేశించింది. ఆనాటి ఫ్యాక్టరీలో సైరన్ మోగితే పని ముగిసినట్టే. గేటు దాటి ఇంటికి చేరిన కార్మికుణ్ణి మళ్లీ పిలవాలంటే ఎవరో ఒకరు కబురు తీసుకువెళ్లాలి. నేడు ఆఫీసు ఫోను రూపంలో మనతోపాటే ఇంటికి వస్తోంది. అమ్మ చేసే కాల్, మేనేజరు పంపే సందేశం ఒకే తెర మీద, ఒకే చప్పుడుతో కనిపిస్తున్నాయి.

ఫోను కంపెనీలు ఈ సమస్యను గుర్తించాయి. 2018లో ఆపిల్ సంస్థ 'స్క్రీన్ టైమ్'ను, గూగుల్ సంస్థ 'డిజిటల్ వెల్‌బీయింగ్'ను తీసుకువచ్చాయి. ఏ యాప్‌లో ఎన్ని నిమిషాలు గడిపామో ఇవి చూపుతాయి, పరిమితి పెట్టుకోనిస్తాయి. ఇది ఉపయోగకరమే. అయితే పనికీ మన మనుషులకూ మధ్య సమతూకం కావాలంటే నిమిషాల లెక్క ఒక్కటే చాలదు. ఎందుకు చాలదో ముందుగా ఒక ఉదాహరణతో చూద్దాం.

7.2 సమస్యను నిర్వచించడం: ఒక ఉదాహరణ

హైదరాబాద్‌లో ఉంటూ న్యూయార్క్ ఖాతాదారులకు ఫోనులో సేవలందించే ఒక ఉద్యోగినిని ఊహించుకోండి. న్యూయార్క్ సమయం ప్రకారం ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు ఆమె షిఫ్టు. ఇంటి నుంచి ఆఫీసుకు ప్రయాణం గంటన్నర. మూడో తరగతి చదివే కూతురు బడి నుంచి సాయంత్రం 4:30కి ఇల్లు చేరుతుంది.

అమెరికాలో ఎక్కువ ప్రాంతాల్లో మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు. నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కు తెస్తారు. మన దేశంలో ఈ పద్ధతి లేదు. కాబట్టి న్యూయార్క్‌కూ మనకూ తేడా శీతకాలంలో 10 గంటల 30 నిమిషాలు, మిగతా కాలంలో 9 గంటల 30 నిమిషాలు. దీని ప్రభావం ఆమె రోజు మీద ఇలా ఉంటుంది:

శీతకాలం: షిఫ్టు రాత్రి 7:30 నుంచి తెల్లవారుజామున 4:30 వరకు. క్యాబ్ సాయంత్రం 6:00కు వస్తుంది. కూతురితో గడిపే సమయం 4:30 నుంచి 6:00 వరకు, అంటే 90 నిమిషాలు.

మార్చి తర్వాత: షిఫ్టు సాయంత్రం 6:30 నుంచి 3:30 వరకు. క్యాబ్ 5:00కే వస్తుంది. కూతురితో గడిపే సమయం 30 నిమిషాలు.

షిఫ్టు నిడివి మారలేదు. ప్రయాణం మారలేదు. తెల్లవారుజామున ఆమె గంట ముందుగా, 6:00కు బదులు 5:00కే ఇల్లు చేరుతుంది కాబట్టి మొత్తం ఖాళీ సమయం కూడా తగ్గలేదు. గంటల్ని మాత్రమే లెక్కించే యాప్ ఆమెకు 'మీ సమతూకం గత వారంలాగే ఉంది' అని చెబుతుంది. కాని తిరిగివచ్చిన ఆ గంటలో పాప నిద్రపోతూ ఉంటుంది. ఐదు పనిదినాల్లో తల్లీకూతుళ్లు కలిసి గడిపే సమయం 450 నిమిషాల నుంచి 150 నిమిషాలకు పడిపోయింది.

ఈ ఉదాహరణ నుంచి రూపకర్త గ్రహించవలసిన సూత్రం ఇది: మనుషులతో గడిపే సమయానికి నిడివి ఎంత ముఖ్యమో, అది రోజులో ఎక్కడ పడుతుందన్నదీ అంతే ముఖ్యం. ఇద్దరూ మేలుకొని, ఇద్దరూ ఖాళీగా ఉన్న వేళే పనికివస్తుంది. అందువల్ల 'ఎన్ని గంటలు మిగిలాయి?' అనే ప్రశ్నకు బదులు 'ఏ వేళ ఎవరిది?' అనే ప్రశ్నకు మన యాప్ జవాబు చెప్పాలి.

7.3 ఏది పని, ఏది ఖాళీ?

చాలా క్యాలెండర్ యాప్‌లలో ఆఫీసు వేళలు కాక మిగిలినదంతా ఖాళీగా, తెల్లగా కనిపిస్తుంది. ఇది పెద్ద పొరపాటు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనుల్లో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు వాటికి వెచ్చించారు. పాల్గొన్న పురుషుల విషయంలో అది 97 నిమిషాలు. దాదాపు ఐదు గంటల వంటా వార్పూ, బట్టలూ అంట్లూ 'వ్యక్తిగత సమయం' కింద చూపించే యాప్, ఆ ఇంటి స్త్రీకి లేని తీరికను ఉన్నట్టు చూపిస్తుంది.

కాబట్టి రోజును కనీసం ఐదు రకాలుగా విభజించాలి: నిద్ర, జీతం పని (ప్రయాణంతో సహా), ఇంటి పని, చదువు, మనుషులతో గడిపే సమయం. ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో చదివే మీకు నాలుగో రకం ఎందుకో విడిగా చెప్పనక్కర్లేదు. వీటిలో నిద్రను ముందుగా నింపించాలి. లేకపోతే ఏ కొత్త పని వచ్చినా అది నిద్ర నుంచే కోత పెడుతుంది.

7.4 సమాచార నిర్మాణం

యాప్ డేటాబేస్‌లో నాలుగు అంశాలు సరిపోతాయి.

(అ) వ్యక్తి: వినియోగదారు, ఆమె సమయం పంచుకునేవారు. వీరందరి దగ్గరా యాప్ ఉండాలన్న షరతు పెట్టకూడదు. పై ఉదాహరణలో పాపకు ఫోను లేదు. నానమ్మ దగ్గర ఉన్నది బటన్ల ఫోను. అలాంటివారికి వినియోగదారు ఫోను నుంచే మామూలు ఎస్‌ఎంఎస్ వెళ్లే ఏర్పాటు ఉండాలి.

(ఆ) వేళ: మొదలయ్యే సమయం, ముగిసే సమయం, ఏ ఊరి గడియారం ప్రకారం అన్న వివరం.

(ఇ) మాట: ఒక వేళను ఒక వ్యక్తికి కేటాయించడం. 'సాయంత్రం 4:30 నుంచి 5:30 వరకు పాపతో' అన్నది ఒక మాట. దీనికి నాలుగు స్థితులు ఉంటాయి: అనుకున్నది, నిలిచినది, మార్చుకున్నది, తప్పినది.

(ఈ) మార్పు: మాట ఎప్పుడు మారింది, కొత్త వేళ ఏది, రెండోవారు ఒప్పుకున్నారా అన్న నమోదు.

'మార్చుకున్నది', 'తప్పినది' అనే రెండింటిని వేరుచేయడం ముఖ్యం. మంగళవారం కుదరక, ముందే చెప్పి శనివారానికి జరుపుకున్న తల్లి మాట తప్పలేదు. యాప్ కూడా అలా అనకూడదు.

7.5 గడియారాల లెక్క

సమయాన్ని భద్రపరిచేటప్పుడు మొదటిసారి యాప్ తయారుచేసేవారు షిఫ్టును 'రాత్రి 7:30' అని భారత సమయంలో నమోదు చేస్తారు. మార్చి రాగానే అది తప్పుతుంది. షిఫ్టుకు ఆధారం న్యూయార్క్ గడియారం కాబట్టి దాన్ని 'ఉదయం 9:00, న్యూయార్క్' అనే భద్రపరచాలి. పాప వేళను 'సాయంత్రం 4:30, భారత సమయం' అని భద్రపరచాలి. రెండింటినీ పోల్చవలసినప్పుడు మాత్రమే ఒకే ప్రామాణిక సమయంలోకి మార్చాలి. ఫోనులోని టైమ్ జోన్ పట్టికలో ఆయా దేశాల నియమాలు ఉంటాయి కాబట్టి, రాబోయే నెలల ఢీలను యాప్ ముందే లెక్కకట్టగలదు.

ఇక్కడే యాప్ నిజంగా అక్కరకు వస్తుంది. మార్పుకు రెండు వారాల ముందు అది ఇలా చెప్పాలి: 'మార్చి రెండో ఆదివారం తర్వాత మీ క్యాబ్ 5:00కు వస్తుంది. పాపతో 60 నిమిషాలు తగ్గుతాయి. ఏం చేద్దాం?' తర్వాత దారులు చూపాలి. పాప 6:30కు లేచి 7:45కు బడి బస్సు ఎక్కుతుందనుకుందాం. ఆ గంట తల్లి పాపతో గడపవచ్చు. కాని అందుకు ఆమె 6:00కు బదులు 8:00కు పడుకోవాలి. ప్రతి దారి పక్కనా దాని ఖర్చు ఇలా కనిపించాలి. ఎంచుకోవడం ఆమె వంతు.

మరో జాగ్రత్త కూడా అవసరం. రాత్రి షిఫ్టు రెండు తేదీల మీదుగా సాగుతుంది. శుక్రవారం మొదలైన పని శనివారం తెల్లవారుజామున ముగుస్తుంది. అర్ధరాత్రి 12 గంటలకు రోజు మారుతుందని యాప్ భావిస్తే, ఆమెకు శనివారం సెలవు కూడా ఉంది, పని కూడా ఉంది అని చూపిస్తుంది. 'మీ రోజు ఎప్పుడు మొదలవుతుంది?' అన్న ప్రశ్నను ఆరంభంలోనే అడగాలి.

7.6 నోటిఫికేషన్లు

వేళను కాపాడే యాప్ తానే పదేపదే మోగితే ప్రయోజనం దెబ్బతింటుంది. ఆండ్రాయిడ్ 8.0 (2017) నుంచి ప్రతి యాప్ తన నోటిఫికేషన్లను ఛానళ్లుగా విడదీయాలి. ఏ ఛానల్ మోగాలో వినియోగదారు నిర్ణయించుకోవచ్చు. ఆండ్రాయిడ్ 13 (2022) నుంచి నోటిఫికేషన్లు పంపడానికే యాప్ ముందుగా అనుమతి అడగాలి. 'డు నాట్ డిస్టర్బ్' స్థితిని యాప్ మార్చాలంటే వినియోగదారు ప్రత్యేక అనుమతి ఇవ్వాలి.

మన యాప్‌కు మూడు ఛానళ్లు చాలు: మాట మొదలయ్యే ముందు ఒక గుర్తు, రాబోయే ఢీ గురించి హెచ్చరిక, వారాంతపు చిట్టా. మూడోది మోగనక్కర్లేదు. కేటాయించిన వేళలో ఎవరి కాల్ మోగవచ్చో వినియోగదారు పేర్లతో ఎంచుకోవాలి. ఇంట్లో పెద్దవారికి ఆరోగ్యం బాగాలేనప్పుడు ఫోను మూగబోతే, ఆ యాప్‌ను ఎవరూ ఇంకోసారి నమ్మరు.

7.7 గోప్యత

ఎవరు ఎప్పుడు నిద్రపోతారు, ఎప్పుడు ఎవరితో ఉంటారు అన్న సమాచారం చాలా సున్నితమైనది. ఇది యాజమాన్యానికి చేరితే సమతూకం కోసం చేసిన యాప్ నిఘా సాధనంగా మారుతుంది. 'మీకు మంగళవారం గంట ఖాళీ కనిపిస్తోంది కదా' అనే మాట ఉద్యోగి వినవలసి వస్తుంది. అందువల్ల మూడు నియమాలు పాటించాలి:

1. మాటల వివరాలు వినియోగదారు ఫోనులోనే ఉండాలి.
2. ఆఫీసుతో పంచుకోవలసి వస్తే 'అందుబాటులో లేరు' అన్నంతవరకే తెలియాలి. కారణం తెలియకూడదు.
3. అవసరం లేని సమాచారాన్ని (ఉదాహరణకు ఎక్కడున్నారన్నది) అసలు సేకరించకూడదు.

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 ప్రకారం సమ్మతి కోరే ప్రకటనను ఇంగ్లీషులోగాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోగాని చదువుకునే వీలు కల్పించాలి. తెలుగు ఆ భాషల్లో ఒకటి. కాబట్టి అనుమతి తెరను తెలుగులో, సులభంగా అర్థమయ్యేలా రాయడం రూపకర్త బాధ్యత.

7.8 తెరలు, భాష, పరీక్ష

తెలుగులో ఒత్తులు అక్షరం కిందికి, గుడి, ఏత్వం వంటి గుర్తులు పైకి వస్తాయి. ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు కొలిచిన బటన్లలో ఇవి తెగిపోతాయి. వరుసల మధ్య జాగా ఎక్కువ ఇవ్వాలి. మాటల ఎంపిక కూడా ముఖ్యమే. పాపతో అనుకున్న వేళ పక్కన 'రద్దు' అన్న బటన్ కంటే 'ఇంకో వేళకు మార్చు' అన్న బటన్ ముందు కనిపించాలి.

కోడ్ రాయకముందే తెరలను కాగితం మీద గీసి నలుగురైదుగురికి చూపించండి. వారిలో షిఫ్టు ఉద్యోగి, ఇంట్లో ఉండే పెద్దవారు, ఉద్యోగం చేస్తూ చదువుకునేవారు ఉండేలా చూడండి. 'ఇది బాగుందా?' అని అడగవద్దు. 'రేపటి వేళను శనివారానికి మార్చండి' అని చెప్పి, వారి వేలు ఎక్కడ ఆగుతుందో గమనించండి.

7.9 ఫలితాన్ని కొలవడం

వినియోగదారు యాప్‌లో ఎంతసేపు గడిపారన్నది చాలా సంస్థలకు విజయ సూచిక. మన యాప్‌కు అది వైఫల్య సూచిక. అనుకున్న మాటల్లో ఎన్ని నిలిచాయి, ఎన్ని చెప్పి మార్చుకున్నవి, ఎన్ని తప్పాయి అన్నదే ఇక్కడ కొలమానం. వారానికి ఐదు మాటల్లో మూడు నిలిచి, ఒకటి మార్చుకుని, ఒకటి తప్పితే, ఆ మూడు సంఖ్యలనే చూపాలి. మార్కులు, పతకాలు, 'వరుసగా 20 రోజులు' వంటి లెక్కలు పెట్టకూడదు. వాటివల్ల జ్వరం వచ్చిన రోజు కూడా తప్పు చేసినట్టు అనిపిస్తుంది.

7.10 యాప్ చేయలేనిది

పని వేళల తర్వాత ఆఫీసు సందేశాలకు స్పందించకుండా ఉండే హక్కును ఫ్రాన్స్ 2017 జనవరి 1 నుంచి చట్టబద్ధంగా గుర్తించింది. మన దేశంలో ఈ ఉద్దేశంతో 2018లో లోక్‌సభలో ఒక ప్రైవేటు సభ్యుల బిల్లు ప్రవేశపెట్టారు, కాని అది చట్టం కాలేదు. షిఫ్టు వేళను నిర్ణయించే అధికారం ఉద్యోగికి లేనప్పుడు, ఆ అధికారాన్ని యాప్ ఇవ్వలేదు. అది చేయగలిగింది రెండు పనులు: రాబోయే నష్టాన్ని ముందుగా చూపడం, దాన్ని అంకెల్లో చెప్పే వీలు కల్పించడం. 'నాకు ఇబ్బందిగా ఉంది' అనడానికీ, 'మార్చి నుంచి నా కూతురితో వారానికి 300 నిమిషాలు తగ్గుతాయి, వారంలో రెండు రోజులు షిఫ్టు గంట ఆలస్యంగా మొదలుపెట్టే వీలుందా?' అని అడగడానికీ తేడా ఉంది. రెండో మాట ఆమె ఎంచుకుంటేనే, ఆమె నోటి నుంచే రావాలి.

7.11 సారాంశం

సమయ సమతూకం అంటే గంటల మొత్తాన్ని సమంగా పంచడం కాదని, ఇద్దరికీ కుదిరే వేళను కాపాడుకోవడమని ఈ పాఠంలో తెలుసుకున్నాం. ఇంటి పనిని, నిద్రను లెక్కలోకి తీసుకోవాలి. ప్రతి వేళను దాని సొంత గడియారంతో భద్రపరచాలి. మార్చుకున్న మాటను తప్పిన మాటగా చూపకూడదు. సమాచారం వినియోగదారు చేతిలోనే ఉండాలి. ఎంత తక్కువగా తెరవవలసి వస్తే అంత బాగా పనిచేస్తున్న యాప్ ఇది.

7.12 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. న్యూయార్క్‌లో ఉదయం 9:00 అయినప్పుడు జనవరిలో, జులైలో భారత సమయం ఎంత? (7.2 చూడండి)
2. 'మార్చుకున్నది', 'తప్పినది' అనే స్థితులను ఎందుకు వేరుచేయాలి? (7.4)
3. యాప్‌లో గడిపిన సమయం ఈ యాప్‌కు సరైన కొలమానం ఎందుకు కాదు? (7.9)

అభ్యాసం: మీ వచ్చే వారాన్ని ఐదు రకాల సమయంగా విభజించి కాగితం మీద గీయండి. మీరు, మీ ఇంట్లో మరొకరు ఒకేసారి మేలుకొని, ఖాళీగా ఉండే వేళలను గుర్తించండి. వాటిలో ఒకదాన్ని ఆ వ్యక్తితో మాట్లాడి ఖాయం చేసుకోండి. వారం చివర అది ఏ స్థితిలో ఉందో రాసి, మీ అసైన్‌మెంట్‌తో జతచేయండి.